కాల్వ పనికెళ్లి ఒంటెను పట్టుకున్నాడు!

చదివే బ్రాంచ్ ఒకటి, మనసుకు నచ్చింది ఇంకోటి. మీదీ ఇదే కథా? అయితే ప్రోబీ కాట్లీ గురించి మీరు తెలుసుకోవాల్సిందే.

1802లో ఇంగ్లండ్‌లో పుట్టాడు. 17 ఏళ్లకే బెంగాల్ ఫిరంగి దళంలో చేరి మన దేశం వచ్చేశాడు. తర్వాత యమున తూర్పు కాల్వ మీద డ్యూటీ పడింది. సర్వేలు, లెవెళ్లు, మట్టి పని. పక్కనే శివాలిక్ కొండలు, ఆ రాళ్లలో ఎముకలు! ఆయన చూసి వదిలేయలేదు. సహారన్‌పూర్ బొటానికల్ గార్డెన్ అధికారి డాక్టర్ హ్యూ ఫాల్కనర్‌తో జట్టు కట్టాడు.

దగ్గర్లో మ్యూజియం లేదు, లైబ్రరీ లేదు. మరెలా? ఇప్పటి జంతువుల అస్థిపంజరాలు సంపాదించి, శిలాజాల పక్కన పెట్టి పోల్చారు.

ఒంటె సంగతే చూడండి. మూపురం అంటే కొవ్వు, అది రాయిగా మిగలదు. కాబట్టి పుర్రె, దవడలు, పళ్లే ఆధారం. అవి నేటి ఒంటెకు బాగా దగ్గర. అందుకే ప్రజాతి అదే, కేమెలస్. కానీ కింది దవడ పళ్లకు బయటివైపు, ముందు మూలన చిన్న నిలువు గట్టు ఉంది. నేటి ఒంటెలకు అది ఉండదు, దక్షిణ అమెరికా లామాలకు ఉంటుంది. ఇలాంటి తేడాలే జాతిని వేరు చేస్తాయి. అలా 1836లో అంతరించిన ఈ ఒంటెకు 'కేమెలస్ సివాలెన్సిస్' అని పేరొచ్చింది. మర్నాటి ఏడాదే లండన్ జియలాజికల్ సొసైటీ ఇద్దరికీ వొలాస్టన్ పతకం ఇచ్చింది.

అలాగని కాట్లీ ఉద్యోగం మానేయలేదు. 1842లో గంగా కాల్వ పని మొదలుపెట్టి, 1854లో నీళ్లు వదిలేదాకా నిలబడ్డాడు. రూర్కీ దగ్గర సోలానీ నది మీదుగా కాల్వనే దాటించాడు. ఆ పనులకు మనుషులు కావాలనే 1847లో రూర్కీలో కాలేజీ పెట్టారు. నేటి ఐఐటీ రూర్కీ అదే.

అన్నీ విజయాలేనా? కాదు. మన గోదావరి కాటన్ దొరే ఆ కాల్వ డిజైన్‌ను గట్టిగా తప్పుపట్టాడు. కాట్లీ కూడా తగ్గకుండా రాతపూర్వకంగా బదులిచ్చాడు. కానీ వాలు ఎక్కువై కాల్వ అడుగు కోసుకుపోయిన మాట నిజం. తర్వాత మార్పులు చేయాల్సొచ్చింది. 1871లో కాట్లీ కన్నుమూశాడు.

కాల్వలో లోపం దొరికింది, సరిచేశారు. అందులో ఇప్పటికీ నీళ్లు పారుతున్నాయి. ఒంటె పేరూ పుస్తకాల్లో అలాగే ఉంది. జాబ్ డిస్క్రిప్షన్‌లో లేని విషయం మీ కంటపడితే, నాది కాదులే అనుకోకండి. తెలిసినవాళ్లని అడగండి, చేతిలో ఉన్నదాంతోనే మొదలెట్టండి.