ఎడ్వర్డ్ లారీ

ఎడ్వర్డ్ లారీ (1846 - 1915) హైదరాబాదు సంస్థానంలో పనిచేసిన సుప్రసిద్ధ బ్రిటిష్ శస్త్రవైద్యుడు. క్లోరోఫారం ఎంతవరకు సురక్షితమో పరిశోధించిన హైదరాబాదు క్లోరోఫారం కమిషన్లకు (1888, 1889) ఇతడే కారకుడు.

విద్య, ఉద్యోగం

లారీ ఎడింబరోలో వైద్యవిద్య అభ్యసించి, ప్రఖ్యాత శస్త్రవైద్యుడు జేమ్స్ సైమ్ వద్ద పనిచేశాడు. క్లోరోఫారం ఇచ్చేటప్పుడు రోగి నాడిని కాక శ్వాసను గమనించాలన్నది సైమ్ బోధ. లారీ దానిని ఎన్నడూ విడువలేదు. ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి, లాహోరులో పనిచేసిన పిమ్మట, 1885లో రెసిడెన్సీ సర్జనుగా హైదరాబాదు వచ్చాడు. నేటి ఉస్మానియా వైద్య కళాశాలకు మూలమైన హైదరాబాదు వైద్య పాఠశాలకు అధిపతిగా ఉండి, స్త్రీలకూ ప్రవేశం కల్పించాడు. ప్రపంచపు తొలి మహిళా మత్తువైద్యులలో ఒకరిగా పేరొందిన రూపాబాయి ఫర్దూన్‌జీ అక్కడి విద్యార్థినియే.

క్లోరోఫారం వివాదం

1847లో శస్త్రచికిత్సలలో వాడుకకు వచ్చిన క్లోరోఫారం ఈథరు కంటె త్వరగా పనిచేస్తుంది. దాని వాసన ఘాటుగా ఉండదు, నిప్పు అంటుకోదు. కాని 1848 జనవరిలో ఇంగ్లండులో కాలిగోరు తీయించుకోవడానికి దానిని పీల్చిన హన్నా గ్రీనర్ అనే 15 ఏళ్ళ బాలిక కొద్ది నిమిషాలలోనే మరణించింది. ఇటువంటి మరణాలకు మూలం గుండె ఆగడమా, శ్వాస ఆగడమా అన్నదే వివాదం.

1888లో లారీ ఆధ్వర్యంలో కుక్కలపై ప్రయోగాలు జరిగాయి. ముందుగా ఆగేది శ్వాసయేనని కమిషన్ తేల్చింది. లాన్సెట్ పత్రిక దీనిని అంగీకరించలేదు. అప్పుడు ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం 1000 పౌండ్లు ఇచ్చి, ఆ పత్రిక ప్రతినిధిని పంపమని కోరింది. 1889లో లండను నుండి లాడర్ బ్రంటన్ వచ్చాడు. గుండెకు ప్రమాదముందని నమ్మి వచ్చిన అతడు ప్రయోగాలు చూచి అభిప్రాయం మార్చుకొన్నాడు. రెండవ కమిషన్ కూడా లారీ మాటనే సమర్థించింది.

తరువాతి పరిణామాలు

1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై ప్రయోగాలు చేసి, మత్తు తేలికగా ఉన్నప్పుడు క్లోరోఫారం వలన గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోగలదని నిరూపించాడు. గుండెకు నేరుగా ప్రమాదం లేదన్న లారీ సిద్ధాంతం ఆ విధంగా వీగిపోయింది. కాలక్రమంలో క్లోరోఫారం వాడుక తప్పింది. 1956లో వచ్చిన హాలోథేను దశాబ్దాలపాటు పిల్లలకు ప్రధాన మత్తుమందు అయింది. కాని అదీ గుండె లయను దెబ్బతీయగలదు. నేడు పిల్లలకు మాస్కు ద్వారా మత్తు ఇవ్వడానికి, ఘాటులేని సెవోఫ్లూరేనును ఎక్కువగా ఎంచుకొంటారు. డెస్‌ఫ్లూరేను శ్వాసమార్గాన్ని రేపి దగ్గు తెప్పిస్తుంది కనుక అందుకు పనికిరాదు.

లారీ సిద్ధాంతం నిలువకపోయినా, శ్వాసపై చూపు మరలరాదన్న అతని నియమం నిలిచింది. నేటి శస్త్రచికిత్సశాలలో శ్వాసను, గుండెను రెండింటినీ ఎడతెగక గమనిస్తారు.