అయస్కాంతంతో రసాయనశాస్త్రాన్ని చదివిన మహనీయుడు – డా. శాంతి స్వరూప్ భట్నాగర్

రాజేంద్రనగర్ ప్రాంతంలో చదువుకునే మనకు నీటి విలువ ఒకరు చెప్పనక్కరలేదు. ఒకవైపు హిమాయత్ సాగర్, మరోవైపు కాటేదాన్ పరిశ్రమల వ్యర్థాలతో కలుషితమైన నూర్ మహమ్మద్ కుంట. రంగునీటిని శుభ్రపరిచే కొత్త పద్ధతుల గురించి చదివితే అయస్కాంతం, కాంతి, రసాయనం అనే మూడు మాటలు కలిసే వినిపిస్తాయి. వీటిలో అయస్కాంతానికీ, రసాయనానికీ మన దేశంలో ముడివేసిన వారిలో ముఖ్యుడు డా. శాంతి స్వరూప్ భట్నాగర్. ఆయన జీవితం హాస్టల్ విద్యార్థులమైన మనం తప్పక తెలుసుకోదగినది.

భట్నాగర్ 1894 ఫిబ్రవరి 21న పంజాబ్‌లోని భేరాలో జన్మించారు. ఆ ఊరు నేడు పాకిస్తాన్‌లో ఉంది. ఎనిమిది నెలల పసివాడిగా ఉన్నప్పుడే తండ్రిని కోల్పోయారు. తాతగారి ఇంట పెరిగారు. తాతగారు ఇంజనీరు కావడంతో యంత్రాలంటే చిన్ననాడే ఇష్టం కలిగింది. ఆయన బడి చదువు సాగిన ఊరి పేరు కూడా సికిందరాబాదే. అయితే అది మనది కాదు, ఉత్తరప్రదేశ్‌లోనిది. లాహోర్ కళాశాలలో నాటకాలు వేశారు, ఉర్దూలో ఏకాంకిక రాశారు. 1919లో ఎం.యస్సీ. పూర్తి చేశారు.

స్కాలర్‌షిప్ దొరకడంతో అమెరికా బయలుదేరారు. కానీ మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన రోజులవి. ఓడల నిండా స్వదేశం వెళ్లే అమెరికా సైనికులే. లండన్‌లో ఆగిపోవలసి వచ్చింది. ఆయన నిరాశపడలేదు. అక్కడే విశ్వవిద్యాలయంలో చేరి, ఆచార్య డోనన్ వద్ద ఎమల్షన్లపై పరిశోధించి 1921లో డి.యస్సీ. పట్టా పొందారు. తిరిగి వచ్చి కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో, 1924 నుండి లాహోర్‌లో ఆచార్యులుగా పనిచేశారు.

1928లో కె.ఎన్. మాథుర్‌తో కలిసి అయస్కాంత వ్యతికరణ త్రాసును రూపొందించారు. పదార్థాల అయస్కాంత ధర్మాలలోని అతి స్వల్ప తేడాలను సైతం అది కొలిచేది. లండన్ సంస్థ ఒకటి దాన్ని తయారుచేసి అమ్మింది. 1935లో వీరిద్దరూ అయస్కాంత రసాయనశాస్త్రంపై గ్రంథం రాశారు.

ఆ రోజుల్లోనే రావల్పిండి ప్రాంతపు చమురు కంపెనీకి ఒక చిక్కు వచ్చింది. బావి తవ్వకంలో వాడే బురద ఉప్పునీరు తగిలి గట్టిపడేది. భట్నాగర్ మన దేశపు జిగురు ఒకటి కలిపి ఆ చిక్కు విప్పారు. కంపెనీ 1,50,000 రూపాయలు ఇచ్చింది. ఆ కాలంలో అది ఎంత సొమ్మో ఊహించండి! ఆయన దాన్ని తన ఇంటికి తీసుకుపోలేదు. విశ్వవిద్యాలయంలో పరిశోధనకే ఇచ్చేశారు.

1942లో ఏర్పడిన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలికి ఆయనే తొలి సారథి. దేశమంతటా జాతీయ పరిశోధనాశాలలు నెలకొల్పి, 1955 జనవరి 1న కన్నుమూశారు. మన తార్నాకలోని ఐ.ఐ.సి.టి. నేడు ఆ మండలి కుటుంబంలోనిదే.

ఇక రంగునీటి సంగతి. టైటానియం డయాక్సైడ్ పొడిపై అతినీలలోహిత కాంతి పడితే, నీటిలో చురుకైన కణాలు పుట్టి అద్దకపు రంగు అణువులను ముక్కలు చేస్తాయి. కానీ ఆ సన్నని పొడిని తిరిగి వడగట్టడం కష్టం. అందుకే అయస్కాంత గుణం గల ఐరన్ ఆక్సైడ్ రేణువులపై ఆ పొడిని పూతగా వేస్తారు. పని అయ్యాక అయస్కాంతం చూపితే పొడి ఒక ప్రక్కకు చేరుతుంది. కడిగి మళ్లీ వాడుకోవచ్చు. అయితే వాడేకొద్దీ దాని శక్తి కొంత తగ్గవచ్చు. ఎండలో అతినీలలోహిత భాగం కూడా స్వల్పమే. ఈ లోపాలు సరిదిద్దే పని ఇంకా మిగిలే ఉంది.

దీన్ని కనిపెట్టింది భట్నాగర్ కాదు. కానీ అయస్కాంతాన్ని రసాయనశాస్త్రానికి పనిముట్టుగా మలిచిన దారిలో ఆయన అడుగులున్నాయి. తండ్రి లేని బిడ్డ, ఓడలో చోటు దొరకని విద్యార్థి ఇంత చేయగలిగినప్పుడు మనకెందుకు సాధ్యం కాదు? మన కుంట నీటిని బాగుచేసే శాస్త్రవేత్త ఈ హాస్టల్ గదుల్లోంచే రావాలని కోరుకుందాం. మిత్రులారా, అందుకు ఈ రోజు నుండే చదువుదాం!