టోపీ పిన్నుతో కారు బాగుచేసిన బెర్తా

ఊరికి బయల్దేరే రోజునే ఇంట్లో వస్తువులన్నీ మొరాయిస్తాయి. సూట్‌కేసు జిప్పు ఊడొస్తుంది. వంటింటి కుళాయి ఎంత బిగించినా కారుతూనే ఉంటుంది. తీరా అందరూ తయారై వీధిలోకొస్తే బండి స్టార్టవదు. మెకానిక్ కోసం ఎదురుచూస్తూ గుమ్మంలో నిలబడిపోవటం మనందరికీ అనుభవమే. మరి కారు మెకానిక్ అనేవాడే లేని రోజుల్లో ఒకావిడ ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని కారులో వంద కిలోమీటర్లకు పైగా వెళ్ళింది. దార్లో వచ్చిన రిపేర్లన్నీ చేతికందిన వాటితోనే చక్కబెట్టుకుంది. ఆవిడే బెర్తా బెంజ్.

బెర్తా 1849 మే 3న జర్మనీలోని ఫోర్జైమ్‌లో పుట్టింది. మళ్ళీ ఆడపిల్లే పుట్టిందని తండ్రి ఇంట్లోని బైబిల్లో విచారంగా రాసుకున్నాడని చెబుతారు. కార్ల్ బెంజ్ అనే ఇంజనీరుతో ఆమెకి పెళ్ళి కుదిరింది. అతని వర్క్‌షాపులో భాగస్వామితో పొసగటం లేదు. బెర్తా తనకి రావాల్సిన కట్నం డబ్బు పెళ్ళికి ముందే ఇప్పించుకుని, ఆ భాగస్వామి వాటా కొనడానికి ఇచ్చింది. 1872లో వాళ్ళ పెళ్ళయింది.

ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు ఇబ్బందులే. అయినా బెర్తా సంసారంతో పాటు వర్క్‌షాపునీ కనిపెట్టుకుని ఉండేది. 1879 డిసెంబరు 31 రాత్రి, కొత్త సంవత్సరం రాబోతుండగా, ఇంజన్‌ని ఇంకొక్కసారి తిప్పి చూద్దామని భర్తని బయల్దేరదీసింది కూడా ఆవిడే. ఆ రాత్రి ఇంజన్ ఆగకుండా నడిచింది. 1886లో మూడు చక్రాల మోటారు బండికి కార్ల్ పేటెంటు తీసుకున్నాడు. జనం వింతగా చూశారే గానీ, కొనేవాళ్ళు కరువయ్యారు. కార్ల్‌కేమో అన్నీ అనుమానాలే. ఇంకా బాగుచేయాలి అంటూ బండిని బయటి ప్రపంచానికి చూపించడానికి వెనకాడేవాడు. పెట్టిన డబ్బూ, పడ్డ కష్టమూ షెడ్డులోనే మిగిలిపోతాయేమోనని బెర్తాకి బెంగ పట్టుకుంది.

1888 ఆగస్టులో ఓ తెల్లవారుజామున, భర్త నిద్ర లేవకముందే, పుట్టింటికి వెళ్తున్నట్టు చీటీ రాసిపెట్టింది. 15 ఏళ్ళ ఆయిగెన్, 13 ఏళ్ళ రిచర్డ్‌లతో కలిసి చప్పుడు కాకుండా బండిని బయటికి తోసింది. మాన్‌హైమ్ నుంచి ఫోర్జైమ్ దాకా ప్రయాణం. అంతకు ముందు ఆ బండి అంత దూరం ఎన్నడూ పోయి ఎరగదు.

దారి పొడవునా అవాంతరాలే. ఇంధనం నాలుగున్నర లీటర్లకు మించి పట్టదు. పెట్రోలు బంకులు లేవు. వీస్‌లోఖ్ అనే ఊళ్ళో మందుల షాపుకెళ్ళి, బట్టల మీద మరకలు పోవడానికి వాడే లిగ్రాయిన్ కొని పోసింది. ప్రపంచంలో మొదటి పెట్రోలు బంకు ఆ మందుల షాపేనని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇంజన్ చల్లబడటానికి పోసిన నీళ్ళు ఆవిరైపోతుంటే, దార్లో బావి కనబడినప్పుడల్లా ఆగి నింపుకున్నారు.

ఇంధనం వచ్చే గొట్టంలో నలక అడ్డుపడితే, టోపీకి పెట్టుకున్న పొడుగాటి పిన్ను తీసి శుభ్రం చేసింది. నిప్పురవ్వ పుట్టించే తీగ ఒరుసుకుపోతే, మేజోళ్ళు జారకుండా కట్టుకునే పట్టీని దానికి చుట్టింది. చైన్ సాగిపోతే కమ్మరి దగ్గరికెళ్ళి సరిచేయించింది. చెక్క బ్రేకులు అరిగిపోతే, చెప్పులు కుట్టే అతనితో వాటికి తోలు వేయించింది. కారు బ్రేకులకి లైనింగు వేయటం అలా మొదలైంది. ఎత్తు ఎక్కలేక బండి ఆగిపోతే దిగి తోశారు. పొద్దుగూకే వేళకి పుట్టింటికి చేరుకుని, క్షేమంగా వచ్చామని భర్తకి టెలిగ్రాం ఇచ్చింది.

కొద్ది రోజులకి అదే బండిలో తిరిగొచ్చింది. ఎక్కడెక్కడ ఇబ్బంది పడిందో భర్తకి వివరంగా చెప్పింది. చడావులు ఎక్కడానికి కార్ల్ ఇంకో గేరు పెట్టాడు. ఏళ్ళ తరబడి షెడ్డులో తిప్పినా తెలియని లోపాలు ఒక్క ప్రయాణంతో బయటపడ్డాయి. అంతకన్నా ముఖ్యం, ఈ బండిలో ఇల్లాలూ పిల్లలూ దూరాభారం వెళ్ళిరావచ్చని లోకానికి రుజువైంది.

1929లో కార్ల్ కన్నుమూశాడు. 1944 మే 3న, బెర్తా 95వ పుట్టినరోజు నాడు, కార్ల్ చదువుకున్న కార్ల్స్‌రూ సాంకేతిక విద్యాలయం ఆవిడకి గౌరవ సెనేటర్ హోదా ఇచ్చింది. ఆ తర్వాత రెండు రోజులకే, మే 5న, లాడెన్‌బుర్గ్‌లోని ఇంట్లో ఆవిడ కన్నుమూసింది. 2008 నుంచి, ఆవిడ వెళ్ళిన దారి ఆవిడ పేరుతోనే స్మారక మార్గమైంది.

బెర్తా ఇంజనీరింగ్ చదవలేదు. ఏళ్ళ తరబడి ఆ యంత్రం పక్కన నిలబడి, ఏది ఎందుకు ఆగుతుందో గమనించింది. అందుకే దారి మధ్యలో బండి ఆగినప్పుడు బెంబేలెత్తలేదు. మన ఇంట్లో ఫ్యూజు ఎక్కడుందో, నీళ్ళ పైపు కట్టే వాల్వు ఏదో, బండిలో స్టెప్నీ ఎలా మార్చాలో ఒక్కసారి దగ్గరుండి చూసి పెట్టుకుంటే పోలా? ఈసారి ఊరెళ్ళే రోజున గుమ్మంలో నిలబడిపోయే పని తప్పుతుంది.