పుస్తకమే ఆస్తి: ఈశ్వరచంద్ర విద్యాసాగర్

పిల్లలూ, మన ఖరగ్‌పూర్‌లో విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ అనే పేరు మీరు చూసే ఉంటారు. కర్మాగారాలకూ సంస్కృత పండితుడికీ ఏమిటి సంబంధం అనిపిస్తుంది. ఆయన ఈ జిల్లావాడే. 1820 సెప్టెంబరు 26న బీర్‌సింఘా గ్రామంలో పుట్టారు. వితంతు వివాహాల కోసం పోరాడిన మనిషిగా ఆయన మనకు తెలుసు. మన కందుకూరి వీరేశలింగం పంతులుగారికి దక్షిణాది విద్యాసాగర్ అని పేరొచ్చింది అందుకే. కానీ అచ్చుయంత్రం పెట్టి, పుస్తకాలు రాసి, వాటి హక్కులతో ఇల్లు గడిపిన విద్యాసాగర్ మనకంతగా తెలియరు. ఈసారి ఆయన గురించి చెబుతాను.

ఇంటిపేరు బందోపాధ్యాయ. తండ్రి ఠాకూర్‌దాస్‌ది కలకత్తాలో చిన్న ఉద్యోగం. తండ్రి వెంట నడిచి కలకత్తా వెళుతూ, దారిలో మైలురాళ్లు చూసి ఇంగ్లీషు అంకెలు నేర్చుకున్నాడని ప్రసిద్ధి. 1839లో విద్యాసాగర్ అనే బిరుదు వచ్చింది.

1847లో సంస్కృత కళాశాలలో పై అధికారితో పొసగక ఉద్యోగం వదిలేశారు. ఎలా బతుకుతావని అడిగినవాళ్లకు, కూరగాయలు అమ్ముకునైనా బతుకుతానని జవాబిచ్చారట. ఆ ఏడాదే మిత్రుడు మదన్‌మోహన్ తర్కాలంకార్‌తో కలిసి, 600 రూపాయలు అప్పు చేసి, సంస్కృత ప్రెస్ పెట్టారు. మొదట వేసింది భారతచంద్రుడి అన్నదామంగళ్. ఆ కవి పోయి అప్పటికి ఎనభై ఏళ్లు దాటింది. ఫోర్ట్ విలియం కళాశాల ఒక్కొక్కటి ఆరు రూపాయల చొప్పున వంద ప్రతులు కొన్నది. అప్పు తీరిపోయింది.

ఇంకో విశేషం, ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం మన దేశానికి కాపీరైట్ చట్టం చేసిందీ 1847లోనే. పుస్తకం మీద హక్కు రచయిత బతికున్నంత కాలం, ఆ తర్వాత ఏడేళ్లు ఉంటుంది. లేదా అచ్చయిన నాటి నుంచి 42 ఏళ్లు. రెండింటిలో ఏది ఎక్కువైతే అది. అంటే ఇల్లూ పొలమూ లాగే రాతకు కూడా యజమాని ఉంటాడని చట్టం ఒప్పుకుంది.

1855లో వర్ణపరిచయ్ రెండు భాగాలుగా వచ్చింది. మన ౠ, ౡ లకు సమానమైన, బెంగాలీలో వాడుక లేని అక్షరాలను ఆయన తీసేశారు. పిల్లలకు తెలిసిన చిన్న చిన్న మాటలతో పాఠాలు కట్టారు. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. అక్షరాలు ఎవరి సొత్తూ కావు. వాటితో ఇంకెవరైనా ఇంకో వాచకం రాసుకోవచ్చు. ఆయన కూర్చిన పాఠాలు, ఆ వాక్యాలు మాత్రం ఆయనవి. కాపీరైట్ కాపాడేది ఆ కూర్పునే, అందులోని విషయాన్ని కాదు. కొత్త యంత్రం కనిపెడితే వచ్చే హక్కు వేరు, అది పేటెంట్. ఇప్పుడది 20 ఏళ్లు. సరుకు మీద వేసుకునే గుర్తుకు ట్రేడ్‌మార్క్. పార్కులోని కర్మాగారాలకు పనికొచ్చేవి ఎక్కువగా ఈ రెండే.

తర్వాత మళ్లీ సంస్కృత కళాశాలలో చేరి ప్రిన్సిపాల్ అయ్యారు కానీ, 1858లో నెలకు 500 రూపాయల జీతాన్నీ వదులుకున్నారు. అప్పటి నుంచి ముఖ్య ఆధారం పుస్తకాలే. ఆ డబ్బు ఇంట్లో నిలవలేదు. వితంతువుల పెళ్లిళ్లకు పోయింది, 1866 కరువులో అన్నం పెట్టడానికి పోయింది, ఫ్రాన్సులో అప్పులపాలైన కవి మైకేల్ మధుసూదన్ దత్‌కూ పోయింది. చివరికి ఆయనే అప్పుల్లో పడి, 1869లో ప్రెస్‌లో వాటాలు అమ్మేశారు. అమ్మింది యంత్రాలను. పుస్తకాల మీద హక్కులు ఆయన దగ్గరే ఉన్నాయి. ఈ తేడా పెద్దవాళ్లలో కూడా చాలామందికి తెలియదు.

ఆ ప్రెస్సే ఆయనకు ఒక బాధా మిగిల్చింది. మదన్‌మోహన్‌తో స్నేహం చెడింది. ఆయన 1858లో చనిపోయారు. మదన్‌మోహన్ రాసిన శిశుశిక్ష అనే వాచకం హక్కును విద్యాసాగర్ అన్యాయంగా ఉంచుకున్నారని మదన్‌మోహన్ అల్లుడు ఆరోపించారు. అంత దాత మీద అలాంటి నింద! దానికి జవాబుగా 1888లో, అరవై ఏడేళ్ల వయసులో, విద్యాసాగర్ ఒక చిన్న పుస్తకమే అచ్చు వేయాల్సి వచ్చింది. ప్రాణస్నేహితులైనా సరే, కలిసి పని మొదలుపెట్టేటప్పుడు ఎవరి రాత ఎవరిదో కాగితం మీద పెట్టుకుని ఉంటే నలభై ఏళ్ల తర్వాత ఇంత గొడవ ఉండేది కాదని నాకనిపిస్తుంది.

1875లో రాసిన వీలునామాలో, పుస్తకాల రాబడి నుంచి ఎవరెవరికి నెలనెలా ఎంత ఇవ్వాలో పేరుపేరునా రాశారు. అందులో బంధువులు కానివాళ్లూ ఉన్నారు. 1891 జులై 29న కన్నుమూశారు.

ఇప్పటి 1957 చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్ల వరకు హక్కు ఉంటుంది. వర్ణపరిచయ్ గడువు ఎప్పుడో తీరింది, ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. గోల్‌బజార్ వైపు వెళ్లినప్పుడు పుస్తకాల కొట్లో అడిగి చూడండి. ప్రచురణకర్త ఎవరైనా కావచ్చు, రచయిత దగ్గర ఉండేది ఆయన పేరే.