మార్చెల్లో మాల్పీగి

బొద్దింకను కోసి చూచిన పై తరగతుల విద్యార్థులకు మాల్పీగి పేరు క్రొత్తది కాదు. దాని ఆహారనాళమున మధ్యభాగమును కడపటి భాగమును కలియు చోట పసుపుపచ్చని సన్నని పోగులు నూరునకు పైగా గుత్తులు గుత్తులుగా అంటియుండును. వానికే మాల్పీజియన్ నాళములని పేరు. పటము గీచి, ప్రక్కన పేరు వ్రాసి, మార్కులు తెచ్చుకొనువారు పెక్కండ్రు. ఆ పేరు గల మనుష్యు డెవ్వడని యడిగినవారిని మేము అంతగా చూడలేదు. అందుచే ఆయన చరిత్రమును ఈ సంచికయందు కొంత వ్రాయ దలచితిమి.

ఇటలీ దేశమున బొలోన్యా నగరమునకు చేరువనున్న క్రెవల్‌కోరె గ్రామమున 1628వ సంవత్సరము మార్చి నెలలో మాల్పీగి జన్మించెను. రక్తము హృదయమునుండి వెడలి, దేహమంతయు తిరిగి, మరల హృదయమునకే చేరుచున్నదని ఇంగ్లండు వైద్యుడు విలియం హార్వే తన గ్రంథమును ప్రకటించిన సంవత్సరము కూడ అదియే. మాల్పీగి తలిదండ్రులు సొంత భూములు గల సంసారులు. పదునేడవ యేట ఆయన బొలోన్యా విశ్వవిద్యాలయమున చేరెను. 1649లో కొలది దినముల యెడముతో తండ్రియు, తల్లియు, నాయనమ్మయు గతించిరి. ఇంటికి పెద్దకుమారు డగుటచే చదువు కొంతకాలము మాని, తమ్ములను చెల్లెండ్రను, పొలము వ్యవహారములను చూచుకొనవలసి వచ్చెను. ఆ పొలమున కానుకొని స్బరాల్యా వంశమువారి భూములుండెను. రెండు కుటుంబములకును గట్టు తగవు. పల్లెటూళ్లయందు పుట్టినవారికి గట్టు తగవు లెంతకాలము నిలుచునో మేము వేఱుగ చెప్ప నక్కఱలేదు. ఇది ఆయనను ముసలితనము వఱకును విడువలేదు.

1653లో ఆయన వైద్యపట్టమును పొందెను. మస్సారి అను గురువు ఎన్నుకొన్న కొందఱు శిష్యులను తన యింటికే పిలిచి శవములను కోసి చూపుచుండెను. ఆ శిష్యులలో మాల్పీగి యొకడు. తరువాత ఆ గురువుగారి చెల్లెలు ఫ్రాంచెస్కానే వివాహమాడెను. 1656లో పీసా నగరమున అధ్యాపకపదవి లభించెను. అచ్చట గణితశాస్త్రజ్ఞుడగు బొరెల్లితో స్నేహము కలిగెను. పీసా గాలి ఆయన దేహమునకు సరిపడలేదు. మూడేండ్లకే బొలోన్యాకు మరలి వచ్చెను. కాని బొరెల్లి స్నేహము మాత్రము చాలకాలము నిలిచెను. 1661లో ప్రకటించిన మొదటి గొప్ప విషయమును ఆయన బొరెల్లికి వ్రాసిన రెండు లేఖల రూపముననే లోకమునకు తెలిపెను.

ఆ విషయ మేమనగా, హార్వే చెప్పిన రక్తప్రసరణమున ఒక లంకె కానరాకుండెను. ధమనులనుండి సిరలలోనికి రక్తము ఏ త్రోవను పోవుచున్నది? పోవుచున్నదని హార్వే తర్కముచే నిర్ణయించెను గాని కన్నులార చూడలేదు. చూడకయే 1657లో మరణించెను. మాల్పీగి కప్ప ఊపిరితిత్తిని సూక్ష్మదర్శినితో పరీక్షించి, వెండ్రుకకంటె సన్ననివగు నాళములు ధమనిని సిరతో కలుపుచున్నవని కనుగొనెను. వీనినే నేడు కేశనాళికలందుము.

1662 మొదలు నాలుగేండ్లు సిసిలీ ద్వీపమందలి మెస్సీనాలో బోధించి, 1666లో ఆయన మరల బొలోన్యా చేరెను. ఆ యేటనే కాలేయము, మూత్రపిండము మొదలగు అవయవములనుగూర్చి యొక గ్రంథము ప్రకటించెను. మూత్రపిండమున చెట్టుకొమ్మలకు పండ్లు వ్రేలాడినట్లు రక్తనాళముల చివరల సన్నని గుండ్రని పూసలు గలవని అందు వ్రాసెను. వానికిని ఆయన పేరే పెట్టిరి. మనుష్యుని మూత్రపిండమునను పురుగు కడుపునను ఒక్కని పేరే నిలుచుట మాకు మిక్కిలి వింతగా తోచుచున్నది. ఆ రెంటికిని పని యొక్కటియే యని ఆయన మాత్ర మెరుగడు.

1667వ సంవత్సరాంతమున లండను రాయల్ సొసైటీ కార్యదర్శి ఓల్డెన్‌బర్గు, తమ సంఘముతో ఉత్తరప్రత్యుత్తరములు జరుపుమని కోరుచు మాల్పీగికి జాబు వ్రాసెను. పట్టుపురుగు విషయమును అందు కలదు. మాల్పీగి దానినే చేపట్టెను. అంతకు ముందు పండితులలో పెక్కుమంది పురుగు వంటి యల్పప్రాణికి లోపల చెప్పదగిన అవయవములు లేవని తలచుచుండిరి. ఆయన కోసి చూడగా లోపల నొక లోకమే కనబడెను. వీపు పొడుగునను గుండె, ప్రక్కల ఊపిరి రంధ్రములు, వానినుండి దేహమంతయు వ్యాపించిన గాలిగొట్టములు, క్రిందిభాగమున ముడులు ముడులుగా నాడీరజ్జువు, పట్టుదారమునకు మూలమగు రెండు గ్రంథులు. ఊపిరి రంధ్రములను నూనెతో మూసి, పురుగు చచ్చుటను చూచి, వాని పనిని నిశ్చయించెను. రాత్రింబగళ్లు సూక్ష్మదర్శినిపై వంగి చేసిన యా పనివలన జ్వరములును కన్నుల మంటయు పట్టుకొనెను. అయినను ఆ దినములను ఆయన సంతోషముతోనే తలచుకొనెను. 1669లో ఆ గ్రంథమును రాయల్ సొసైటీవారే ముద్రించిరి, ఆయనను తమ సభ్యునిగా ఎన్నుకొనిరి. ఒక పురుగు దేహనిర్మాణమును సమగ్రముగ తెలిపిన మొదటి గ్రంథ మదియే.

అందు ప్రక్క కొక మూడు చొప్పున ఆరు సన్నని నాళములను ఆయన వర్ణించెను. అవి యేల యున్నవో ఆయనకు తెలియలేదు. చూచినదానిని చూచినట్లు పటము వేసి యుంచెను.

తరువాతి గ్రంథములను క్లుప్తముగ చెప్పెదము. 1673లో గ్రుడ్డులో కోడిపిల్ల ఏర్పడు విధమును, 1675, 1679 సంవత్సరములలో మొక్కల లోపలి నిర్మాణమును ప్రకటించెను. కష్టములును వెంట వచ్చెను. 1684లో ఆయన యిల్లు అగ్నికి ఆహుతియై సూక్ష్మదర్శినులు, వ్రాతప్రతులు పెక్కు నశించెను. అంతకంటెను బాధాకరమైనది 1689లో జరిగెను. పూర్వము చెప్పిన స్బరాల్యా కుటుంబమునందలి వైద్యుడొకడు అప్పుడు బొలోన్యాలో అధ్యాపకుడు. ఇట్టి సూక్ష్మపరిశోధనలు రోగికి ఏమాత్రమును ఉపకరింపవని అతడు గ్రంథము వ్రాసెను. ఆ యేటనే ముసుగులు ధరించినవారు కొందఱు మాల్పీగి పల్లెటూరి యింటిపై బడి, ఆయనను కొట్టి, సామానులు పాడుచేసిరి. అప్పటికి ఆయన వయస్సు అఱువది దాటినది. 1691లో పోపు పన్నెండవ ఇన్నొసెంటు తన వైద్యునిగా పిలువగా రోమునకు పోయి, 1694 నవంబరులో అచ్చటనే మరణించెను. భార్యయు ఆ సంవత్సరముననే ముందుగ మరణించెను. ఆయన దేహమును బొలోన్యాకు తెచ్చి సమాధి చేసిరి.

ఇక ఆ ఆరు నాళముల సంగతి. పట్టుపురుగు నీరు త్రాగదు. మల్బరీ ఆకులోని తడియే దానికి నీరు. హిందూపురము ప్రాంతమున పట్టుపురుగులను పెంచువారి తట్టలను చూచినవారికి, పురుగుల రెట్ట పొడి గుళికలుగా నుండుట తెలియును. ఆహారములోని మాంసకృత్తులు వినియోగమైన పిమ్మట దేహమున విషమువంటి మలినము మిగులును. దానిని మనవలె నీటిలో కరగించి పోవిడిచినచో పురుగు ఎండి చచ్చును. కావున దానిని నీటిలో సులభముగ కరగని యూరిక్ ఆమ్లముగ మార్చుకొనును. నాళముల ఒక కొన మూసికొని రక్తమున తేలుచుండును, రెండవ కొన పేగులోనికి తెఱచుకొనును. మన మూత్రపిండమున రక్తము తన యొత్తిడిచేతనే వడియగట్టబడును. పురుగు రక్తమునకు అట్టి యొత్తిడి లేదు. అందుచే నాళపు గోడలే శక్తిని వెచ్చించి పొటాసియము లవణమును లోపలికి తోడును. లవణము వెంట నీరు, నీటి వెంట మలినములు వచ్చును. అటుపిమ్మట పేగు కడపటి భాగమున నీరును, పనికివచ్చు లవణములును మరల రక్తములోనికి పీల్చబడును. మిగిలినది పొడియై బయట పడును. పిండిలో పెరుగు కొన్ని పురుగులలో ఈ నాళముల కొనలు ఆ కడపటి పేగునకే అంటుకొనియుండి, తేమ గల గాలినుండి సైతము నీటిని లాగుకొనుటకు తోడ్పడును. అట్టి యేర్పాటు గల గృహస్థు నీటిపన్ను కట్ట నక్కఱలేదు గదా!

ఈ పొటాసియము సంగతిని 1950 తరువాతి సంవత్సరములలో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున రాంసే పండితుడు స్థిరపఱచెను. ఎండుపుల్లవలె కనబడు ఒక పురుగు నాళమును విడదీసి, ద్రవపారఫినులో మునిగిన రక్తబిందువునందుంచి, తెగిన కొననుండి ఊరిన సూక్ష్మబిందువును పరీక్షించెను. అందలి పొటాసియము రక్తమునందుకంటె చాల హెచ్చుగ నుండెను.

స్బరాల్యా అడిగిన ప్రశ్నకును ఇందే యొక యుత్తరము కలదు. దక్షిణ అమెరికాలో రోడ్నియస్ అను పెద్ద నల్లి జాతి పురుగు నిద్రించువారి రక్తమును తన బరువునకు పదిరెట్ల వఱకు త్రాగును. ఆ బరువుతో కదలలేదు గనుక వెంటనే ఆ నాళములు అమితవేగముతో పనిచేసి, నీటిని ఉప్పును వెడలించును. 1909లో బ్రెజిలు వైద్యుడు కార్లోస్ షాగాస్ ఒక క్రొత్త వ్యాధిని కనుగొనెను. అది గుండెను చెఱచును. దాని సూక్ష్మజీవి ఇట్టి నల్లుల కాటువలన గాక, కాటు వేసిన చోట అవి విడిచిన మలమూత్రములవలన, గోకుకొన్న చర్మముగుండ మనుష్యునిలో ప్రవేశించుచున్నది.