మార్కోనీ మహాశయుని జీవితము

గత సంవత్సరము మా పాఠశాలలో పై తరగతి చదువు విద్యార్థి యొకడు స్వహస్తములతో చిన్న రేడియో యంత్రమును కూర్చుకొనెను. అతని తలిదండ్రులు అనంతపురమున నొక అద్దె యింట కాపురముండిరి. బాలుడు మిద్దెపై వెదురుగడ నిలిపి ఏరియల్ తీగ కట్టగా, ఇంటి యజమాని పిడుగు పడునని భయపడి దానిని తీయించెను. బాలుడు యంత్రమును పెట్టెలో దాచి, ఈ విద్య తనకిక ప్రాప్తింపదని నిరాశ చెందెను. అతని కొరకును, అతని వంటివారి కొరకును మేమీ జీవితచరిత్రమును వ్రాయుచున్నాము.

గూలియెల్మో మార్కోనీ 1874 వ సంవత్సరము ఏప్రిల్ 25 వ తేదీన ఇటలీ దేశమందలి బొలోన్యా నగరమున జన్మించెను. తండ్రి జుసెప్పె భూస్వామి. తల్లి ఆనీ జేమ్సన్ ఐర్లండు దేశపు స్త్రీ. బాలుడు పాఠశాల చదువులో పేరు గాంచినవాడు కాడు. విశ్వవిద్యాలయ ప్రవేశము సైత మతనికి లభింపలేదు. అయినను విద్యుచ్ఛాస్త్రమన్న నతనికి మిక్కిలి మక్కువ. రీఘీ యను ఆచార్యుడు అతనిని తన ప్రయోగశాలకు రానిచ్చెను. 1894 న జర్మను శాస్త్రజ్ఞుడైన హెర్ట్జ్ మరణింపగా, ఆయన ప్రయోగములచే రుజువుపరచిన విద్యుత్తరంగములను గూర్చి మార్కోనీ చదివి, తీగ లేకయే వీనిచే వార్తలు పంపవచ్చునని తలపోసెను.

వారి గృహము పొంతెక్కియో గ్రామమున నుండెను. ఆ యింటి పై భాగమున, పూర్వము పట్టుపురుగుల తట్టలుంచిన అటక యతనికి ప్రయోగశాల యయ్యెను. తండ్రికి ఈ పని గిట్టలేదు. ధనమును కాలమును వ్యర్థమగుచున్నవని ఆయన తలంచెను. తల్లి మాత్రము కుమారుని ఆదరించెను. 1894 చివర నొక రాత్రి అతడు తల్లిని మేల్కొలిపి అటకకు గొనిపోయి, గదిలో నొకవైపున మీట నొక్కగా, నడుమ తీగ లేకయే రెండవవైపున గంట మ్రోగుటను చూపెను.

మరుసటి సంవత్సరము అతడు పరికరములను ఆరుబయటికి తెచ్చెను. ప్రసార యంత్రపు ఒక కొనను ఎత్తున నిలిపిన లోహపు రేకునకును, రెండవ కొనను భూమికిని కలిపెను. ఏరియల్ ఎత్తు పెరిగినకొలది వార్త దూరము పోవుచుండెను. తుదకు అన్న అల్ఫోన్సో స్వీకరణ యంత్రముతో కొండ కావలికి పోయి, సంకేత మందినంతనే తుపాకి ప్రేల్చి తెలియజేసెను. అప్పుడు తండ్రి మనసు మారి ధనసహాయ మొనర్చెను.

భూమితో కలుపు ఈ విధానము మన జిల్లావారు విశేషముగ గమనింపదగినది. తేమగల నేలలో విద్యుత్తు సులభముగ వ్యాపించును; ఎండి బీటవారిన మన నేలలో అట్లు కాదు. అందుచేతనే మన యిండ్లలో ఎర్తు గుంటయందు బొగ్గు, ఉప్పు వేసి, వేసవిలో నీరు పోయుదురు.

1896 న మార్కోనీ తల్లితో ఇంగ్లండు చేరి, పేటెంటునకు దరఖాస్తు చేసెను. 1899 న ఇంగ్లీషు కాలువ మీదుగా ఫ్రాన్సు ఇంగ్లండుల నడుమ వార్త నడపెను. పిమ్మట అట్లాంటికు మహాసముద్రమును దాటింప సంకల్పించి, ఇంగ్లండునందలి పోల్డ్యూ వద్ద రెండువందల అడుగుల స్తంభములు ఇరువదింటిని వలయముగ నిలిపెను. 1901 సెప్టెంబరులో గాలివాన వచ్చి వానిని నేలగూల్చెను. నవంబరులో అమెరికా తీరమున నిలిపిన స్తంభములకును అదే గతి పట్టెను. అతడు మరల స్తంభములు లేచువరకు ఏండ్ల తరబడి వేచియుండలేదు. పోల్డ్యూ వద్ద రెండు స్తంభముల నడుమ తీగలను విసనకఱ్ఱవలె కట్టించి, తాను ఇద్దరు సహాయకులతో న్యూఫౌండ్‌లాండునకు పోయెను. అచ్చట విడిచిపెట్టబడిన ఆసుపత్రి భవనమే వారికి నిలయము; గాలిపటమున కట్టిన సుమారు ఐదువందల అడుగుల తీగయే ఏరియల్. డిసెంబరు 12 వ తేదీన, దాదాపు 3,500 కిలోమీటర్ల ఆవలినుండి మూడు చుక్కల సంకేతము వినవచ్చెనని అతడు ప్రకటించెను. అది నిజముగ వినబడెనా యని సందేహించు శాస్త్రజ్ఞులు నేటికిని కలరు. కాని 1902 చివరకు సంపూర్ణమైన వార్తలే సముద్రము దాటినవి.

ఈ నడుమ మరియొక ఆటంకము గలిగెను. న్యూఫౌండ్‌లాండున తంతివార్తల గుత్తహక్కు గల కంపెనీ యొకటి, తమ హద్దులలో ప్రయోగములు చేయరాదని హెచ్చరించెను. మార్కోనీ వ్యాజ్యమునకు దిగక, సామగ్రిని కట్టుకొని కెనడాకు పోయి, గ్లేస్‌బే వద్ద నూతన నిలయమును కట్టెను.

1909 న బ్రౌన్ అను జర్మను శాస్త్రజ్ఞునితో కలిపి అతనికి నోబెల్ బహుమాన మొసగబడెను. 1912 ఏప్రిల్‌లో టైటానిక్ ఓడ మునిగినపుడు, మార్కోనీ కంపెనీ ఉద్యోగులు పంపిన నిస్తంత్రి పిలుపుచే కార్పేథియా ఓడ వచ్చి దాదాపు ఏడువందల మందిని రక్షించెను.

అదే సంవత్సరము అమెరికా ప్రభుత్వము, వినోదార్థము రేడియో నడుపు అమెచ్యూరులను రెండువందల మీటర్లకు మించని పొట్టి తరంగములకు పరిమితము చేసెను. అవి దూరము పోవని నాటి పండితుల తలంపు. ఆ హద్దులోనే ఓపికతో పనిచేసిన అమెచ్యూరులు 1923 నవంబరులో సుమారు నూటపది మీటర్ల తరంగముపై అట్లాంటికు దాటి ఫ్రాన్సువారితో సంభాషించిరి. మార్కోనీయు అదే సంవత్సరము ఎలెత్రా యను తన నావనుండి పొట్టి తరంగములను పరీక్షించి, వాని శక్తిని గ్రహించెను. అతని పద్ధతిచే 1927 న ఇంగ్లండు ఇండియాల నడుమ వార్తలు నడచెను; దాని స్వీకరణ నిలయము మన గుంతకల్లు మీదుగ బొంబాయి పోవు రైలుమార్గమందలి దౌండు వద్ద నుండెను.

మార్కోనీ నిర్దోషి యని మేము చెప్పము. 1923 న అతడు ఫాసిస్టు పక్షమున చేరి ముస్సోలినీకి అండయై నిలిచెను. రేడియో అతని యొక్కని సృష్టియు గాదు. 1895 న కలకత్తాలో జగదీశ చంద్ర బోసు గోడలగుండ తరంగములను పంపి గంట మ్రోగించెను. ఈ యిరువురును 1937 న గతించిరి. మార్కోనీ మరణము జూలై 20 వ తేదీన రోమునగరమున సంభవించెను. అతని గౌరవార్థము బ్రిటిషు రేడియో నిలయములు రెండు నిమిషములు మౌనము వహించెను.

విద్యార్థులారా, ఏరియల్ పొడవు తరంగపు పొడవునుబట్టి యుండును. సాధారణముగ తరంగములో సగము పొడవు తీగ కావలెను. నలుబది మీటర్ల తరంగమునకు ఇరువది మీటర్ల తీగ వలయును. పది మీటర్ల తరంగమునకు అయిదును, రెండు మీటర్ల తరంగమునకు ఒక్క మీటరును చాలును. కావున మిద్దెపై స్థలము దొరకనివారు పొట్టి తరంగమును ఎన్నుకొనవచ్చును, లేదా తీగను గదిలో వంచి కట్టుకొనవచ్చును.

మేము ఆ బాలుని యింటికి పోయి యజమానితో మాటలాడితిమి. పిడుగునుగూర్చి ఆయన భయము నిర్హేతుకము గాదు; కొండలులేని బయలున ఎత్తైన గడ పిడుగునకు గురియగును. గది లోపల, కరెంటు తీగలకు దూరముగ, పైకప్పు అంచువెంట సన్నని తీగ కట్టుటకు ఆయన సమ్మతించెను. ఇంటిలోని దీపముల వలనను, చార్జర్ల వలనను రొద కొంత గలుగును. ధ్వని మిద్దెమీది తీగకు వచ్చినంత బలముగ రాదు. అయినను రాత్రివేళ ఆ దీపముల నార్పి, బాలుడు దూరదేశపు మాటలను చెవియొగ్గి వినుచున్నాడు. తాను స్వయముగ ప్రసారము చేయుటకు ప్రభుత్వ పరీక్షయందు ఉత్తీర్ణుడై అనుమతి పొందవలెను, అందులకిప్పుడు చదువుచున్నాడు.

తలిదండ్రులారా, మీ యింటి అటకపై నొక మూల ఖాళీగ నున్నచో, మీ పిల్లలకు విడువుడని మా ప్రార్థన.