పుదుచ్చేరి కృతిపతి ఆనందరంగ పిళ్ళై

ఉద్యోగభారము మోయువారికి గ్రంథపఠనమునకు తీరిక యెక్కడిదని లోకము ప్రశ్నించుట కలదు. ఈ ప్రశ్నకు రెండున్నర శతాబ్దములకు పూర్వమే తన జీవితముచే సమాధానము చెప్పిన గృహస్థు ఆనందరంగ పిళ్ళై. పుదుచ్చేరిలో ఫ్రెంచివారి కొలువున నుండి, ఓడల సరకులు, నవాబుల రాయబారములు, సేనల ఖర్చులు చక్కబెట్టుచునే మూడు భాషల కవులను ఆదరించి కృతులందుకొనెను. ఇరువదినాలుగేండ్లకు మించి తన దినచర్యను వ్రాసికొనెను.

ఆనందరంగుడు 1709వ సంవత్సరము మార్చి 30వ తేదీన చెన్నపట్నపు సమీపమున పెరంబూరులో జన్మించెను. తండ్రి తిరువేంగడం పిళ్ళై వర్తకుడు. ఆయన బావమరదియగు నైనియ పిళ్ళై పుదుచ్చేరిలో ఫ్రెంచి కంపెనీకి ప్రధాన దుబాసీగా నుండెను. అతని పిలుపుపై 1716 ప్రాంతమున ఈ కుటుంబము పుదుచ్చేరి చేరెను. ఆ కాలముననే గవర్నరు ఆగ్రహమునకు గురియై నైనియ పిళ్ళై చెరసాల పాలయ్యెను. 1717లో చెరలోనే ప్రాణములు విడిచెను. కొలువు కలిమి నీటిబుడగ వంటిదని ఆనందరంగుడు ఎనిమిదేండ్ల ప్రాయముననే చూచెను.

దుబాసీ యనగా ద్విభాషి. ఇరుభాషలవారి నడుమ నిలిచి మాట నడపువాడు. ఈ వృత్తికి భాషలే పెట్టుబడి. ఆనందరంగునికి తమిళము ఇంటిభాష. తీరమున యూరపువారితో వ్యవహారమునకు ఆనాడు వాడుకలోనున్న పోర్చుగీసు అతనికి వచ్చును. తెలుగు, సంస్కృతములతోడను పరిచయము కలదు. అయితే భాషలను బేరమునకు మాత్రమే వాడుకొనిన దుబాసీలు పలువురు. వానిని రసాస్వాదనమునకును వినియోగించినవాడు ఆనందరంగుడు. అతని విశిష్టత యిదియే.

1726లో తండ్రి మరణించిన పిదప గవర్నరు లెన్వారు అతనికి పరంగిపేట వ్యాపారకేంద్రమును అప్పగించెను. 1742లో డూప్లే గవర్నరై వచ్చెను. 1746లో ప్రధాన దుబాసీ కనకరాయ మొదలి మరణింపగా, 1747లో ఆ పదవి ఆనందరంగునకు లభించెను. దక్కను సుబేదారైన ముజఫర్ జంగు అతనికి మూడువేల మన్సబును బిరుదమును ఒసగెను. సంపద, అధికారము, కీర్తి ఒక్కమారుగా చేకూరిన కాలమది. అట్టి కాలమున నగలు, మేడలు చాలునని తలపక కవులకు తన వాకిలి తెరచియుంచుటయే అతని ఘనత.

ఆ వాకిలి చేరినవారిలో తెలుగుకవి కస్తూరి రంగకవి ఒకడు. ఇతడు రచించిన లక్షణగ్రంథము ఆనందరంగుని పేర ఆనందరంగరాట్ఛందమై వెలసెను. దీనికే లక్షణచూడామణి యని నామాంతరము. ఫ్రెంచివారి రేవుపట్టణమున, తమిళ వర్తకుని యింట, తెలుగు ఛందోగ్రంథము అంకితమందుట నేటివారికి వింతగా తోచవచ్చును. ఆనాటివారికి అది వింత కాదు. విజయనగర ప్రభువుల కాలమునుండి, తంజావూరు, మధుర నాయకుల ఆదరణమున తెలుగు దక్షిణదేశమున ఆస్థానభాషయై వెలిగెను. తంజావూరి మరాఠా ప్రభువులును ఆ సంప్రదాయమును నిలిపిరి. రాజులు చేసిన పనిని పుదుచ్చేరిలో ఒక వర్తకుడు చేసెను.

అందును అతని పేర నిలిచినది లక్షణగ్రంథమగుట గమనింపదగినది. లక్షణకర్త తన సూత్రమునకు లక్ష్యముగా పూర్వకవుల పద్యములను ఏరి తెచ్చును. మూలగ్రంథములు చెదలుపట్టి నశించినను, ఇట్టి ఉదాహరణములవలన పద్యములు మిగిలిన సందర్భములు మన వాఙ్మయమున అనేకములు. కావున ఒక లక్షణగ్రంథమును పోషించుట యనగా ఒక్క పుస్తకమును గాక, పలువురి పుస్తకములను పదిమందికి పంచుటయే యగును. సప్తసంతానములలో కృతిని చేర్చిన మన పెద్దల ఆంతర్యమును ఈ కృతిపతి చక్కగా నెరిగెను.

సంస్కృతమున శ్రీనివాసకవి 1752లో ఆనందరంగవిజయచంపువును రచించెను. తమిళమున త్యాగరాజ దేశికుడు ఆనందరంగన్ కోవై యను ప్రబంధమును కూర్చెను. ఇట్లు మూడు భాషల సరస్వతి ఒక్క యింట కొలువుదీరెను.

ఇతరులచే గ్రంథములు వ్రాయించిన ఆ చేయి తానును ఊరకుండలేదు. నల సంవత్సరమున, అనగా 1736 సెప్టెంబరు 6వ తేదీన, ఆనందరంగుడు దినచర్య ఆరంభించెను. కాగితపు పుస్తకములలో, ఆనాటి వాడుక తమిళమున, ఓడలు వచ్చుట, ఫిరంగులు మ్రోగుట, సరకుల ధరలు, విందులు, వివాహములు, గవర్నరు కోపతాపములు అన్నియు చేర్చెను. 1746లో ఫ్రెంచివారు చెన్నపట్నమును పట్టుకొనుట, 1748లో ఆంగ్లేయులు పుదుచ్చేరిని ముట్టడించుట అందు చోటుచేసికొనెను. అచ్చువేయించు తలంపు లేదు. ప్రభువును మెప్పించు అవసరమును లేదు. కనుకనే అందు పొగడ్త తక్కువ, నిజము ఎక్కువ.

1754లో డూప్లే ఫ్రాన్సునకు మరలెను. 1756లో ఆనందరంగుడు ప్రధాన దుబాసీ పదవిని కోల్పోయెను. బాల్యమున చూచిన నీటిబుడగ తన కన్నుల యెదుటనే పగిలెను. ఆరోగ్యమును క్షీణించెను. అయినను దినచర్య సాగెను. ఆంగ్లేయులు పట్టణమును చుట్టుముట్టి, తిండిగింజలకు కరవైన దినములలో, 1761 జనవరి మాసమున ఆయన కన్నుమూసెను. కొలదిదినములకే, ఆ నెల 16వ తేదీన, పుదుచ్చేరి ఆంగ్లేయుల వశమయ్యెను. విజేతలు కోటను, యూరపువారి వాడను నేలమట్టము గావించిరి.

ఆ విధ్వంసమున ఆ పుస్తకములును బుగ్గియై యుండవచ్చును. కాని వంశీయులు వానిని భద్రపరచిరి. తామును దినచర్యలు వ్రాసిరి. ఎనుబదియైదేండ్లు ఆ వ్రాతలు బయటివారి కంటబడకుండెను. 1846లో గాల్వా మోంబ్రన్ అను ఫ్రెంచి ఉద్యోగి వానిని గుర్తించి ప్రతులు వ్రాయించెను. అరియేల్ అను మరియొక విద్వాంసుడు తీయించిన ప్రతులు పారిస్ జాతీయ గ్రంథాలయము చేరెను. మద్రాసు ప్రభుత్వము 1904 మొదలు 1928 వరకు పండ్రెండు సంపుటములుగా ఆంగ్లానువాదము ప్రకటించెను. అయినను నడుమ నడుమ కొన్ని కాలములకు చెందిన వ్రాతలు లభింపలేదు. ప్రతి యెత్తిన భాగములు లోకమునకు దక్కెను. ఎత్తనివి కొన్ని కాలగర్భమున కలసెను. పుస్తకమును దాచుట సగము రక్షణ మాత్రమే, పంచుటయే పూర్ణరక్షణ.

పుదుచ్చేరిలో పెద్ద అంగడి చెంత రంగపిళ్ళై వీధిలో ఆయన భవనము నేటికిని నిలిచియున్నది. క్రింది అంతస్తున చెక్కడపు కొయ్యస్తంభములు మన దేశరీతి. పై అంతస్తు ఫ్రెంచి రీతి. రెండు దేశముల నడుమ మాట నడపినవానికి తగిన గృహమే యది. కాని ఆయన పేరును దేశాంతరములకు మోసినవి ఆ స్తంభములు కావు. ఒక తెలుగు ఛందోగ్రంథము, ఒక సంస్కృత చంపువు, ఒక తమిళ కోవై, నిత్యవ్యవహారముల నడుమ నిండిన దినచర్య పుస్తకములు. మన్సబు పోయెను, కొలువు పోయెను, ఆ కొలువిచ్చిన కంపెనీయు పోయెను. పగటి పని ముగిసిన పిదప పుస్తకమునకై మిగిల్చుకొనిన ఘడియలే నేటికిని ఫలించుచున్నవి. ఉద్యోగధర్మమున స్వస్థలములకు దూరమై, సాయంకాలములందు నలుగురు కూడి పద్యము చదువుకొను తెలుగు కుటుంబములకు ఈ దుబాసీ పరాయివాడు కాడు.